జపాను మామ్మ పుట్టినరోజు నాడు ఒక మనవి

సంపాదకులకు నమస్కారం.

ఈ ఉత్తరం జనవరి 2వ తేదీ పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. ఈ రోజు కానె తనాకా గారి పుట్టినరోజు. ఉండి ఉంటే ఇవాళ్టికి 123 ఏళ్లు నిండేవి. జపాను దక్షిణాన క్యూషు దీవిలో ఉన్న ఫుకువోకా నగరం ఆవిడది. 2022 ఏప్రిల్ 19న కన్నుమూశారు. అప్పటికి ఆవిడ వయసు 119 ఏళ్ల 107 రోజులు. కాగితాలతో సహా రుజువైన వయసుల్లో ఆవిడ కన్నా ఎక్కువ కాలం బతికిన మనిషి ఒక్కరే. ఫ్రాన్సులోని జీన్ కాల్మెంట్ 122 ఏళ్ల 164 రోజులు బతికి 1997లో వెళ్లిపోయారు.

నేను తెనాలిలో ఉంటాను. ముప్పై ఏడేళ్లు పల్లెటూరి బడుల్లో పనిచేసి, హెడ్‌మిస్ట్రెస్‌గా 2018లో రిటైరయ్యాను. మా బీరువా తలుపుకి లోపలివైపు ఒక పేపరు కటింగ్ అంటించి ఉంది. 2019 మార్చి నాటిది. బక్కపల్చని ముసలావిడ, తెల్లజుట్టు, చేతిలో చాక్లెట్ల డబ్బా. ప్రపంచంలో జీవించి ఉన్నవాళ్లలో అందరికన్నా పెద్దావిడ అని ఆ రోజు గిన్నిస్ వాళ్లు ఆవిడకి సర్టిఫికెట్ ఇచ్చారు. ఆవిడ ఉంటున్న వృద్ధాశ్రమానికే వెళ్లి ఇచ్చారు. ఆ ఊరి మేయరు కూడా వచ్చారు. సర్టిఫికెట్‌తో పాటు చాక్లెట్లు ఇస్తే, అక్కడికక్కడే డబ్బా తెరిచి తినడం మొదలుపెట్టారట. ఇవాళ ఎన్ని తింటారు అని అడిగితే, వంద అన్నారట. మీ జీవితంలో అన్నింటికన్నా సంతోషమైన సమయం ఏది అని అడిగితే, ఇదే, ఇప్పుడే అన్నారట.

ఆ వార్త నేను మా అత్తయ్యగారికి చదివి వినిపించాను. ఆవిడకి చూపు సరిగా ఆనదు. ఫొటో తీసుకుని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న ఆవిడ ఏం తింటుందని కాదు, పిల్లలెంతమందని కూడా కాదు. "ఏ సంవత్సరంలో పుట్టిందమ్మాయ్?" అన్నారు.

1903 అన్నాను. "అలా కాదు, సంవత్సరం పేరు చెప్పు" అన్నారు.

మా అత్తయ్యగారు బడికి వెళ్లలేదు. కానీ ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై సంవత్సరాల పేర్లూ ముందునుంచీ చెప్పగలరు, వెనకనుంచీ చెప్పగలరు. నేను కాగితం తీసుకుని లెక్క కట్టే లోపే ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టి, "జనవరి అంటే ఉగాదికి ముందే కదా. అయితే శుభకృత్" అన్నారు. నిజమే. 1902 ఉగాదికి మొదలై 1903 ఉగాది ముందు రోజుతో ముగిసింది శుభకృత్ నామ సంవత్సరం. జపానులో కూడా సంవత్సరాలకి పేర్లు పెట్టుకుంటారనీ, చక్రవర్తి మారినప్పుడల్లా కొత్త పేరుతో లెక్క మళ్లీ మొదలవుతుందనీ, ఈవిడ మేయిజీ 36వ ఏట పుట్టారనీ చెప్పాను. తర్వాత తైషో, షోవా, హేసే. ఆ మే నెలలోనే రేవా అనే కొత్త కాలం మొదలైంది. అలా ఆవిడ అయిదు కాలాలు చూసిన మనిషి. అప్పటినుంచి మా ఇంట్లో ఆవిడ పేరు జపాను మామ్మ. ప్రతి సంక్రాంతి నెల మొదట్లోనూ అత్తయ్యగారు, "జపాను మామ్మ ఉందా?" అని అడిగేవారు. ఉందండీ అంటే, "ఉండనీ, చల్లగా ఉండనీ" అనేవారు.

ఆ ప్రశ్న కోసమే నేను ఆవిడ గురించి దొరికినదల్లా చదవడం మొదలుపెట్టాను. మీ పత్రికలోనూ ఇంకా చాలాచోట్లా ఆవిడ గురించి వచ్చిన వార్తల్లో చాక్లెట్లు, కూల్‌డ్రింకులు, పొద్దున ఆరింటికే లేవడం, మధ్యాహ్నం లెక్కలు చేసుకోవడం, ఒథెల్లో అనే ఆటలో ఆశ్రమం సిబ్బందిని ఓడించడం, ఇవే ఎక్కువ. అవన్నీ నిజమే, నాకూ ఇష్టమే. కానీ ఆవిడ బతుకులో పెద్ద భాగం అది కాదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. 1922 జనవరిలో పెళ్లి. వరుడు దగ్గరి చుట్టమే అయినా పెళ్లికి ముందు ముఖం చూడలేదు. అత్తవారిది బియ్యంతో, పిండితో పని. దంచిన జిగురు బియ్యంతో చేసే మోచి ముద్దలు, ఊడాన్ అనే లావుపాటి గోధుమ సేమ్యాల లాంటివి చేసి అమ్మేవాళ్లు. చైనాతో యుద్ధం మొదలై భర్తను సైన్యంలోకి తీసుకుంటే దుకాణం ఆవిడ నడిపారు. తర్వాత పెద్దకొడుకూ యుద్ధానికి వెళ్లాడు. సోవియట్ సైన్యానికి బందీగా చిక్కి 1947లో గాని ఇంటికి రాలేదు. ఆ మధ్యలో 1945 జూన్‌లో ఫుకువోకా మీద బాంబులు పడి నగరంలో కొంత భాగం కాలిపోయింది. ఆగస్టు 9న రెండో అణుబాంబుతో వచ్చిన విమానం అసలు గురి పెట్టింది అదే రాష్ట్రంలోని కొకురా మీద. అక్కడ కింద గురి కనిపించక నాగసాకి వైపు తిరిగింది. అప్పుడు ఆవిడకి నలభై రెండేళ్లు. కన్నబిడ్డలను పోగొట్టుకున్న దుఃఖం కూడా చూశారు. నలభై అయిదేళ్లప్పుడు క్లోమానికి కాన్సర్ వచ్చింది. 103 ఏళ్లకి పెద్దపేగు కాన్సర్‌కి ఆపరేషన్ చేయించుకున్నారు. 63 ఏళ్ల దాకా దుకాణంలో పని మానలేదు.

ఇలాంటి మనిషి గురించి రాసేటప్పుడు "ఆమె ఆయుష్షు రహస్యం ఇదే" అని హెడ్డింగ్ పెడితే నాకు మనసు చివుక్కుమంటుంది. రహస్యం కోసం చూసేవాళ్లకి మనిషి కనబడదు. సంపాదకులు దయచేసి దీన్ని తప్పుపట్టడంగా తీసుకోవద్దు. ఎంతో ప్రేమతో చదివే పాఠకురాలిగా చెబుతున్నాను.

నన్ను అన్నిటికన్నా పట్టేసిన విషయం వేరే ఉంది. జనవరి 2 అనేది కానె తనాకా గారు నిజంగా పుట్టిన రోజు కాదని ఆవిడ ఇంట్లోవాళ్లు చెబుతారు. పుట్టింది 1902 డిసెంబరు 26న. నెలలు నిండని పిల్ల కదా, బతుకుతుందో లేదో అని తల్లిదండ్రులు కొన్నాళ్లు ఆగారు. వారం గడిచింది. పిల్ల ఊపిరి పీలుస్తూనే ఉంది. అప్పుడు వెళ్లి జనవరి 2 అని రాయించారు. ఆ తేదీయే రిజిస్టర్‌లో ఉంది, ఆ తేదీనే ప్రపంచమంతా ఆవిడకి శుభాకాంక్షలు చెప్పింది. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చుండిపోయాను. వాళ్ల భయం నాకు తెలుసు. మన ఊళ్లలో ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే తర్వాతి బిడ్డని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరిచేతనో ఎత్తించి, గుప్పెడు నూకలిచ్చి మళ్లీ కొనుక్కుని, పెంటయ్య అనో పెంటమ్మ అనో పేరు పెట్టేవాళ్లు. యముడికి అక్కర్లేని పేరు అని. మా అత్తయ్యగారి అసలు పేరు అదే. తేడా ఒక్కటే. ఫుకువోకాలో ఆ భయం తీరగానే తండ్రి వెళ్లి పేరు రాయించాడు. మా దగ్గర భయం తీరినా రాయించడం ఎవరికీ తోచలేదు. రాయించే అలవాటు లేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. నేను 1981లో ఉద్యోగంలో చేరినప్పుడు బడిలో నా మొదటి పని అడ్మిషన్ రిజిస్టర్ రాయడం. జూన్‌లో తల్లులు పిల్లల్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవాళ్లు. పుట్టిన తేదీ ఏమ్మా అంటే, "కోతలప్పుడు పుట్టాడు టీచరమ్మా" అనేవాళ్లు. "ఉప్పెన వచ్చినప్పుడు కడుపుతో ఉన్నానండీ" అనేవాళ్లు. అంటే 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన. "మా పెద్దోడికన్నా రెండు సంకురాత్రులు చిన్నది" అని ఒకామె చెప్పింది. రిజిస్టర్‌లో ఆ గడిలో కోతలని రాయడానికి వీల్లేదు. అంకెలు కావాలి. ఏదో ఒకటి వేసెయ్యమ్మా, బడిలో చేరే వయసు వస్తే చాలు అని మాకు పైవాళ్లు చెప్పేవాళ్లు. నేను జూన్ 1 అని వేశాను, జులై 1 అని వేశాను. ఒక తరగతి మొత్తానికి రెండే పుట్టినరోజులు. ఆ తల్లి చెప్పిన మాటల్ని పక్కన పెన్సిల్‌తోనైనా రాసిపెట్టాల్సింది. వాటిలో నిజమైన తేదీకి దారి ఉంది. రాయలేదు.

నాలుగేళ్ల కిందట నా దగ్గర చదువుకున్న అబ్బాయి ఒకడు వచ్చాడు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు, నలభై దాటాయి. చేతిలో స్వీట్ ప్యాకెట్టు పెట్టి, "టీచర్, మా పాప నా అసలు పుట్టినరోజు ఎప్పుడని అడుగుతోంది. అమ్మ లేదు. మీకేమైనా గుర్తుందా?" అని అడిగాడు. వాళ్లమ్మ నా బల్ల ముందు నిలబడి చెప్పిన మాట నాకు గుర్తు లేదు. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

జపానులో ఇంటింటి పద్దు రాసే పద్ధతి 1872లోనే దేశమంతటా వచ్చింది. కొసెకి అంటారు. కుటుంబానికి ఒక పత్రం. ఎవరు పుట్టినా, పెళ్లయినా, పోయినా అందులో ఎక్కిస్తారు. ఒకరి వయసు 110 దాటిందని ఎవరైనా చెబితే పరిశోధకులు ఊరికే నమ్మరు. చిన్నప్పటి కాగితం కావాలి, నడివయసు నాటి కాగితం కావాలి, ఇప్పటి మనిషికీ ఆ కాగితాలకీ పొంతన కుదరాలి. కానె తనాకా గారికి అవన్నీ ఉన్నాయి. అందుకే ఆవిడ పుట్టినరోజు పండగ కాగలిగింది.

అయితే కాగితం ఒక్కటే చాలదని కూడా ఆ దేశమే చూపించింది. 2010లో టోక్యోలో అందరికన్నా పెద్దాయన, 111 ఏళ్లవాడని రిజిస్టర్‌లో ఉన్న ఒకాయనని పలకరించడానికి అధికారులు వెళ్లారు. తీరా చూస్తే ఆయన పోయి దాదాపు ముప్పై ఏళ్లయింది. గదిలోనే అవశేషాలున్నాయి. ఇంట్లోవాళ్లు చెప్పలేదు, పెన్షన్ వస్తూనే ఉంది. ఆ తర్వాత దేశమంతా వెతికితే రిజిస్టర్లలో నూరేళ్లు దాటినట్టు ఉండి ఆచూకీ తెలియనివాళ్లు రెండు లక్షల ముప్పై వేలకు పైగా తేలారు. యుద్ధంలో పోయినవాళ్లు, వలస వెళ్లినవాళ్లు, ఎవరూ కొట్టివేయించని పేర్లు. ఈ సంగతి చదివాక నాకు తట్టింది ఒక్కటే. తలుపు తట్టి, చెయ్యి పట్టుకుని, మామ్మా ఎలా ఉన్నావు అని అడిగేవాళ్లు ఏటా వెళ్లాలి. పుట్టినరోజు అందుకు మంచి సాకు.

వాళ్లు వెళతారు కూడా. సెప్టెంబరు మూడో సోమవారం అక్కడ పెద్దల్ని గౌరవించే రోజు, దేశమంతా సెలవు. ఆ ఏడాది నూరేళ్లు నిండేవాళ్లకి ప్రధానమంత్రి పేరు మీద అభినందన పత్రం, ఒక వెండి గిన్నె ఇస్తారు. 1963లో ఇది మొదలుపెట్టినప్పుడు నూరేళ్లవాళ్లు దేశం మొత్తం మీద 153 మంది. 1998కి పది వేలు దాటారు. మొన్న 2025 సెప్టెంబరుకి 99,763 మంది. అందులో వందకి ఎనభై ఎనిమిది మంది ఆడవాళ్లే. ఖర్చు భరించలేక 2016 నుంచి గిన్నెని అచ్చ వెండితో కాకుండా వెండి పూతతో చేస్తున్నారు. చేస్తే చేశారు గాని ఇవ్వడం మానలేదు.

వాళ్ల పుట్టినరోజుల పేర్లు విని అత్తయ్యగారు ఎంత మురిసిపోయారో! అరవై నిండితే కన్రెకి. మన షష్టిపూర్తి లాంటిదే. అరవై ఏళ్ల చక్రం తిరిగి మొదటికి వచ్చింది కాబట్టి మళ్లీ పసిబిడ్డ అయినట్టు లెక్క, ఎర్రటి టోపీ, ఎర్రటి చేతుల్లేని కోటు తొడుగుతారు. 88 నిండితే బేజు, అంటే బియ్యపు ఆయుష్షు. బియ్యం అనే వాళ్ల అక్షరాన్ని విడదీస్తే ఎనిమిది, పది, ఎనిమిది అనే గుర్తులు వస్తాయి. 99కి హకుజు, తెల్లని ఆయుష్షు. నూరు అనే అక్షరంలోంచి పైన ఒకటి అనే గీత తీసేస్తే తెలుపు అనే అక్షరం మిగులుతుంది. 108 నిండితే తేనీటి ఆయుష్షు. 120 నిండితే పెద్ద కన్రెకి, రెండు చక్రాలు పూర్తయినట్టు. అక్షరాలతో ఇంత ముద్దుగా ఆడుకుంటూ వయసుని లెక్కపెట్టే జనాన్ని నేనెక్కడా చూడలేదు. ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పినదాన్ని కాబట్టి ఇది నాకు మరీ నచ్చింది.

కానీ ఇది చెబుతుండగా నేనే మధ్యలో ఆగిపోయాను. వాళ్ల కన్రెకి ఎవరిది వాళ్లదే. ఆడమనిషికి అరవై నిండితే ఆవిడకే ఎర్ర టోపీ. మన ఇళ్లలో షష్టిపూర్తి అంటే మగవాడికి అరవై నిండడం. భార్య పక్కన పీటల మీద కూర్చుంటుంది. మా మామయ్యగారి షష్టిపూర్తి 1985లో ఘనంగా చేశాం. అత్తయ్యగారు ఆయన పక్కన కొత్త పట్టుచీరతో కూర్చున్నారు. ఆవిడకి అరవై నిండిన ఏడు 1990. ఆ ఏడాది వచ్చింది, వెళ్లింది. ఆరుగురు పిల్లలున్న ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. ఇంటి కోడలినైన నాకూ తట్టలేదు.

మళ్లీ జపాను మామ్మ దగ్గరికి వస్తాను. 2020 జనవరిలో 117వ పుట్టినరోజుకి కేకు ముక్క నోట్లో పెట్టుకుని, రుచిగా ఉంది, ఇంకా కావాలి అన్నారట. తర్వాత కరోనా వచ్చింది. ఆశ్రమాల తలుపులు మూసేశారు, ఇంట్లోవాళ్లు లోపలికి వెళ్లడానికి లేదు. 2021 మేలో ఒలింపిక్ జ్యోతి ఫుకువోకా దగ్గర షిమె అనే ఊరి మీదుగా వెళ్లేటప్పుడు ఆవిడ దాన్ని పట్టుకోవాలని అంతా సిద్ధం చేశారు. చక్రాల కుర్చీలో ఇంట్లోవాళ్లు తోసుకెళ్లాలి, చివర నాలుగు అడుగులు ఆవిడ నడవాలి. అందుకోసం 118వ పుట్టినరోజుకి కొత్త బూట్లు కొనిచ్చారు. ఆఖరికి కరోనా భయంతో మానుకున్నారు. తను రోగాన్ని పట్టుకెళ్లి ఆశ్రమంలో ఉన్న తోటివాళ్లకి అంటించకూడదు కదా. ఆ నిర్ణయం సరైనదే. అయినా ఆ కొత్త బూట్లు తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. 118 ఏళ్ల వయసులో నడవడానికని బూట్లు కొనుక్కున్న మనిషి ఆవిడ.

2022 జనవరి 2న 119 నిండాయి. 120 చూడాలని ఆవిడ కోరిక. ఏప్రిల్‌లో వెళ్లిపోయారు.

ఆ కబురు అత్తయ్యగారికి చెప్పడానికి నేను రెండు రోజులు వెనకాడాను. ఎలాగూ తెలియాలి కదా అని మూడో రోజు సాయంత్రం దీపం పెట్టాక చెప్పాను. ఆవిడ ఏడవలేదు. "ఇది ఏ సంవత్సరం?" అన్నారు. ఉగాది అయి నెల కూడా కాలేదు. శుభకృత్ అన్నాను. అన్నాక నాకు ఒళ్లు జలదరించింది. 1902లో ఒక శుభకృత్, 1962లో ఇంకొకటి, 2022లో మూడోది. ఇంగ్లీషు లెక్కలో ఆవిడకి 120 నిండలేదు. మన లెక్కలో పుట్టిన సంవత్సరం రెండుసార్లు తిరిగి వచ్చేదాకా ఉండి, ఆ పేరున్న ఏడాదిలోనే వెళ్లారు. వెయ్యి పున్నములు చూస్తే మనవాళ్లు సహస్ర చంద్ర దర్శనం చేస్తారు. ఆవిడ చూసినవి 1,475 దాకా ఉంటాయి.

అత్తయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "నేనెప్పుడు పుట్టానో నీకు తెలుసా అమ్మాయ్?" అన్నారు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి నలభై ఏళ్లు. ఆ మాట ఆవిడ ఎప్పుడూ అడగలేదు, నేనూ అడగలేదు. ఆధార్ కార్డులో 1937 జనవరి 1 అని ఉంది. ఎవరో కంప్యూటర్ ముందు కూర్చుని వేసిన తేదీ. నేను బడిలో వేసినట్టే.

ఆ వేసవి అంతా మేం అదే పనిలో ఉన్నాం. వాళ్లమ్మ చెప్పిన మాటలు ఒక్కొక్కటే తవ్వి తీశాం. ప్రమోదూత సంవత్సరం. ఊళ్లో మగవాళ్లు ఉప్పు చెయ్యడానికి సముద్రం ఒడ్డుకి వెళ్లిన ఏడు. కార్తీకం. నాగుల చవితికి పుట్టలో పాలు పోసి వచ్చిన మూడో రోజున నొప్పులొచ్చాయి. ప్రమోదూత అంటే 1930. ఉప్పు సత్యాగ్రహం ఆ ఏడాదే. రెండూ కలిశాయి. మా ఊరి పంతులుగారు కూర్చుని లెక్కగట్టి అక్టోబరు చివరి వారం అని చెప్పారు. కార్డుకన్నా ఆవిడ ఆరేళ్లు పెద్ద.

2022 కార్తీకంలో మా ఇంట్లో మొదటిసారి అత్తయ్యగారి పుట్టినరోజు చేశాం. 92 నిండాయి. తలంటి పోశాను. పిల్లలు కేకు తెస్తామంటే వద్దన్నారు. రవ్వకేసరి చాలన్నారు. మనవళ్లు, మనవరాళ్లు, వాళ్ల పిల్లలు కలిసి పంతొమ్మిది మంది కాళ్లకి దండం పెట్టారు. అందరికీ పదేసి రూపాయల నోట్లు ఇచ్చారు. అంతా అయ్యాక నన్ను లోపలికి పిలిచి, "ఇది ఎక్కడైనా రాశావా?" అన్నారు. ఆవిడ కళ్ల ముందే రామాయణం పుస్తకం అట్ట లోపల రాశాను. సంవత్సరం, మాసం, తిథి, ఉప్పు సత్యాగ్రహం అని. చదవడం రాకపోయినా ఆవిడ ఆ గీతల మీద వేలు పెట్టి తడిమారు.

ఆవిడ ఇప్పుడూ మాతోనే ఉన్నారు. మొన్న కార్తీకానికి 95 నిండాయి.

సంపాదకులకు ఇప్పుడు నా మనవి. జపానులో ఇప్పుడు కానె తనాకా గారి స్థానంలో షిగెకొ కగావా గారున్నారని పోయిన ఆగస్టులో చదివాను. నారా రాష్ట్రంలోని యమతొకోరియామా ఊరు. 1911 మే 28న పుట్టారు. కాన్పుల డాక్టరుగా పనిచేసి, ఎనభై దాటాక గాని ప్రాక్టీసు మానలేదు. 109 ఏళ్ల వయసులో ఒలింపిక్ జ్యోతి పట్టుకున్నారు. ఆవిడ చేతుల మీదుగా ఎంతమంది భూమి మీదికి వచ్చి ఉంటారో! మే నెలలో ఆవిడ వార్త వేసేటప్పుడు రహస్యం అన్న మాట లేకుండా, ఆవిడ చేసిన పనితో మొదలుపెట్టి రాయండి.

రెండోది, మీ జిల్లా పేజీలో వారానికి ఒకసారి నాలుగు అంగుళాల చోటు ఇవ్వండి. ఎనభై దాటిన తల్లుల పుట్టినరోజులు పాఠకులు రాసి పంపుతారు. తేదీ తెలిస్తే తేదీ. తెలియకపోతే వాళ్లు చెప్పే మాటలే: గాలివాన ఏడు, కోతల కాలం, ఫలానా పండగకి ముందు, అన్న పుట్టిన రెండేళ్లకి. అవి యథాతథంగా వెయ్యండి. మీ దగ్గర పాత పేపర్లున్నాయి, పాత పంచాంగాలు తెలిసినవాళ్లు ఊరూరా ఉన్నారు. గాలివాన ఎప్పుడొచ్చిందో ఒకరు రాస్తారు, ఆ ఏడాది పేరు ఇంకొకరు చెబుతారు. తేదీ దొరుకుతుంది. మన దేశంలో జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అంతకు ముందు పుట్టినవాళ్లలో ఎంతోమంది తేదీ వాళ్ల నోటి మాటలోనే ఉంది. ఆ మాట చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు ఎనభైల్లో, తొంభైల్లో ఉన్నారు. ఆలస్యం చేయడానికి లేదు.

ఉత్తరాలు చదివి లెక్కలు కట్టడానికి మనిషి కావాలంటే నేను వస్తాను. జీతం అక్కర్లేదు. వారానికి రెండు రోజులు బస్సెక్కి మీ ఆఫీసుకి రాగలను, లేదా ఇంటికి పంపినా చూసి పెడతాను. అరవై సంవత్సరాల పేర్ల దగ్గర నాకు సందేహం వస్తే అడగడానికి ఇంట్లో మనిషి ఉన్నారు.

మొదటి వారానికి ఒకటి ఇక్కడే పంపుతున్నాను. పేరు పెంటమ్మ. ప్రమోదూత, కార్తీక మాసం, నాగుల చవితి వెళ్లిన మూడో రోజు. ఉప్పు సత్యాగ్రహం ఏడు. రేపల్లె దగ్గర పల్లె.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్,
తెనాలి.
2-1-2026